చలికి ఎంత బట్ట చాలు?

చలిని ఓర్చుకోవడం ధర్మమా, చలి నుంచి దేహాన్ని కాపాడుకోవడం ధర్మమా అన్న ప్రశ్న భారతీయ చింతనలో పాతదే. శీతోష్ణాలు వచ్చిపోయేవి కనుక సహించమని భగవద్గీత రెండో అధ్యాయం బోధిస్తుంది. బౌద్ధుల వినయపిటకం మాత్రం కొలిచి చూసిన జవాబిస్తుంది. వైశాలి దారిలో భిక్షువులు బట్టల మూటలు మోసుకుపోవడం బుద్ధుడి కంటపడింది. గౌతమక చైత్యం దగ్గర, మంచు కురిసే కాలంలో, ఆయన రాత్రంతా ఆరుబయట కూర్చున్నాడు. ఒక వస్త్రంతో మొదలుపెట్టి, జాము గడిచి చలి వేసినప్పుడల్లా మరొకటి కప్పుకున్నాడు. తెల్లవారేసరికి నాలుగయ్యాయి. ఆపై భిక్షువుకు మూడు చీవరాలు, అంటే మూడు వస్త్రాలు, అనుమతించాడు. వాటిలో పైన కప్పుకునే సంఘాటి రెండు పొరలది.

హైదరాబాద్ పుప్పాలగూడ ఐటీ ఉద్యోగి గుల్మార్గ్ మంచులో క్రాస్ కంట్రీ స్కీయింగ్ నేర్చుకోబోయినా, చలిని బట్టి పొర మీద పొర వేసుకునే ఈ లెక్కే. హైదరాబాద్ చలికాలమే ఎరిగినవారు భయంతో ఎక్కువ బట్టలు తొడుక్కుంటారు. ఈ ఆటలో కాళ్లూ చేతులూ ఆగకుండా కదులుతాయి; చెమట పట్టి, నిలబడగానే ఆ తడే వణికిస్తుంది. అందుకే ఒంటికి ఆనుకుని పలుచని ఉన్ని లేదా పాలిస్టర్, నడుమ ఫ్లీస్, పైన గాలిని ఆపే జాకెట్ ఉండాలి. తడిని పట్టి ఉంచే నూలు పనికిరాదు. జంతువుల ఉన్ని వద్దనుకునే అహింసావాదికి పాలిస్టర్ సరిపోతుంది. దళసరి కోటు విశ్రాంతి కోసం సంచిలో ఉంటే చాలు.

బయల్దేరేటప్పుడు కాస్త చలిగా ఉండడమే సరైన కొలత. ఆ కాస్తను ఓర్చుకోవడం గీత చెప్పిన తితిక్ష. ప్రాణం మీదికి తెచ్చే చలిని అడ్డుకోవడం వివేకం. రెండింటికీ విరోధం లేదు.