బోధకుని ఋణం: అండమాన్, నికోబార్ దీవుల అనుభవం

ఒక సత్యం తనకు లభించిందని నమ్మిన మనిషికి, ఆ సత్యాన్ని ఎరుగని తోటి మనిషి పట్ల ఏ బాధ్యత ఉంటుంది? ఈ ప్రశ్న అన్ని మతాలకూ ఉన్నదే గాని, క్రైస్తవ జీవనంలో దీనికి ప్రత్యేకమైన తీవ్రత ఉంది. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలో సువార్త ప్రకటనను తన ఇష్టాయిష్టాలకు లోబడిన కార్యంగా గాక, తనపై మోపబడిన విధిగా పేర్కొన్నాడు. రోమీయులకు వ్రాసిన పత్రికలో అదే భావాన్ని ఋణమనే మాటతో వ్యక్తం చేశాడు. అదే నూతన నిబంధనలో యాకోబు పత్రిక మరొక మాట చెబుతుంది. బోధకులు కావాలని అనేకులు తొందరపడరాదనీ, బోధించేవారికి తీర్పు మరింత కఠినంగా ఉంటుందనీ దాని హెచ్చరిక. చెప్పక తీరదన్న ఆజ్ఞ ఒకవైపు, చెప్పేవాడు తన్ను తాను సరిచూసుకోవాలన్న హెచ్చరిక మరొకవైపు. ఉపన్యాస వేదికల మీద మొదటి మాటే ఎక్కువగా వినిపిస్తుందనడంలో అతిశయోక్తి లేదు.

భారతీయ సంప్రదాయానికి కూడా జ్ఞానం ఋణమే. ఋషిఋణం అధ్యయనం వల్ల తీరుతుందని పెద్దలు చెప్పారు. కాని అడగనివానికి చెప్పరాదన్న నియమం మనుస్మృతిలో స్పష్టంగా ఉంది. శిష్యుడు సమిధలు చేతబట్టి గురువు వద్దకు రావాలి గాని, గురువు శిష్యుని వెదుకుతూ సముద్రాలు దాటడు. అడగనిదే అమ్మయినా పెట్టదని తెలుగువారి సామెత. అయితే ఆకలిగొన్న పసివాడు అడిగేదాకా ఊరుకునే తల్లి కూడా లోకంలో ఉండదు. ఈ సామెతను తిరగవేసి చూడడంలోనే క్రైస్తవ బోధకుని వాదమంతా ఉంది. ఆ వాదం ఎంతవరకు నిలుస్తుంది, ఎక్కడ కూలిపోతుంది అన్నది పరిశీలించడానికి అండమాన్, నికోబార్ దీవుల చరిత్ర వంటి క్షేత్రం మరొకటి అరుదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అందువల్ల ఇది తెలుగు పాఠకులకు పరాయి చరిత్ర కాదు.

1768లో డేనిష్ వారి తరంగంబాడి నుండి మొరేవియన్ సహోదరులు నికోబార్ దీవులలోని నాన్‌కౌరీ చేరారు. వారు సైన్యంతో రాలేదు, అధికారం చెలాయించలేదు. స్వహస్తాలతో శ్రమించి బ్రతికారు. గవ్వలనూ, పాములనూ సేకరించి విక్రయించి ఖర్చులు గడుపుకున్నవారు కూడా వారిలో ఉన్నారు. ఒకరి తరువాత ఒకరు జ్వరాల పాలై మరణించగా, 1787లో ఆ ప్రయత్నాన్ని విరమించుకున్నారు. వారిలో ఒకరైన హేన్సెల్ వ్రాసిన ఉత్తరాలు 1812లో గ్రంథంగా వెలువడ్డాయి. ద్వీపవాసుల భాష తగినంతగా పట్టుబడకపోవడం వారి వైఫల్యానికి ప్రధాన కారణాలలో ఒకటి. ప్రాణమిచ్చే త్యాగం ఉన్నా, మాట లేనిచోట బోధ జరగదు. అయినా వారి వల్ల ఎవరికీ అపకారం జరిగినట్లు చెప్పలేము. తరువాత వచ్చిన వారందరి గురించీ ఈ మాట అనడానికి వీలుపడదు.

1858లో ఆంగ్లేయులు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరాన్ని నెలకొల్పారు. 2024లో ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి మతాధికారి అయిన హెన్రీ కార్బిన్ 1863లో రాస్ ద్వీపంలో అండమాన్ ఆదివాసుల కోసం 'అండమాన్ హోమ్' అనే నివాసాన్ని ప్రారంభించారు. వారికి ఇంగ్లీషు అక్షరాలు, పనిపాటలు, నాగరికత నేర్పడం ఆయన ఉద్దేశం. ఆయన సదుద్దేశాన్ని శంకించవలసిన పని లేదు. అయితే ఆ నివాసంలో ఉన్నవారికి వెళ్ళిపోయే స్వేచ్ఛ ఉండేది కాదు. కావలి నడుమ జరిగిన ఆ విద్యను బోధ అనవచ్చునా? వినేవాడు లేచి వెళ్ళిపోగలిగినప్పుడే అతడు వింటున్నాడన్న మాటకు అర్థం ఉంటుంది. తలుపు మూసి చెప్పినది ఎంతటి సత్యమైనా, వినేవానికి అది ఆజ్ఞగానే చేరుతుంది.

ఆ నివాసాల చరిత్రలో 1877వ సంవత్సరం ప్రత్యేకించి గుర్తుంచుకోదగినది. ఆ ఏడాది ఇ. హెచ్. మేన్ అనే అధికారి క్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనను దక్షిణ అండమాన్ భాషలోకి అనువదించగా, ఆర్. సి. టెంపుల్ వ్యాఖ్యతో అది కలకత్తాలో అచ్చయింది. అండమాన్ భాషల అధ్యయనంలో అదొక మైలురాయి. అదే సంవత్సరం తట్టు వ్యాధి ఆ ఆదివాసులలో ప్రవేశించి వందలాది ప్రాణాలను బలిగొంది. అనువాదం వల్ల వ్యాధి రాలేదన్నది నిజమే. అయితే రెండూ చేరినది ఒకే మార్గం గుండా, ఒకే రకమైన సంపర్కం వల్ల. ఆంగ్లేయులు వచ్చేనాటికి వేల సంఖ్యలో ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 నాటికి 19 మంది మాత్రమే మిగిలారు. ఆ ప్రార్థన ఏ భాషలోకి వెళ్ళిందో ఆ భాష మాట్లాడేవారు ఇప్పుడు ఒక్కరూ లేరు. దాని సోదరభాష అయిన అకా-బో మాట్లాడిన చివరి వ్యక్తి, బోవా సీనియర్‌గా ప్రసిద్ధి చెందిన వృద్ధురాలు, 2010 జనవరిలో కన్నుమూశారు. గ్రంథాలయంలో ప్రార్థన భద్రంగా ఉంది, ప్రార్థించే నోరు లేదు.

మేన్ విషయంలో మరొక చిక్కు కూడా ఉంది. ఆయన ఆ ప్రజల భాషను శ్రద్ధగా నేర్చి, వారి నమ్మకాలను విపులంగా నమోదు చేశారు. ఆయన రచన ప్రకారం వారి దైవమైన పులుగ పుట్టుక లేనివాడు, మరణం లేనివాడు, సృష్టికర్త, హృదయంలోని ఆలోచనలను ఎరిగినవాడు, పాపానికి ఆగ్రహించేవాడు. చదివినవారికి బైబిలులోని దేవుడే అడవిలో మరొక పేరుతో వెలిశాడా అనిపిస్తుంది. 1906 నుండి 1908 వరకు ఆ దీవులలో పరిశోధన జరిపిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్, 1922లో ప్రచురించిన గ్రంథంలో ఈ చిత్రాన్ని అంగీకరించలేదు. ఉత్తరాదిన బిలికు అని పిలువబడే ఆ శక్తిని అనేకులు స్త్రీగా భావిస్తారనీ, ఈశాన్య ఋతుపవనంతో ఆమెకు సంబంధమనీ, తేనెమైనాన్ని కరిగించడం, ఇలకోడిని చంపడం, కొన్ని దుంపలను వేళగాని వేళ త్రవ్వడం వంటివే ఆమెకు కోపం తెప్పిస్తాయనీ ఆయన వివరించారు. ఈ ఇద్దరిలో ఎవరు ఎంతవరకు సరి అన్నది మానవశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం. నైతిక దృష్టితో చూసినప్పుడు ఇందులో ఒక ప్రమాదం కనిపిస్తుంది. అధికారం గలవాడు ప్రశ్నించినప్పుడు, ఎదుటివాడు అతనికి నచ్చే సమాధానమే ఇవ్వవచ్చు. చెప్పవలసిన దానితో మనసు నిండి ఉన్న బోధకుడు, విన్నదానిలో కూడా తన మాటనే వింటాడు. ఎదుటివాని నమ్మకం తన నమ్మకానికి అసంపూర్ణ ప్రతిబింబమని ముందే నిశ్చయించుకున్నవానికి, ఎదుటివాడు నిజంగా ఏమి నమ్ముతున్నాడో తెలిసే అవకాశం తక్కువ. తెలియని మనిషికి ఏ సత్యం చెప్పగలడు?

ఈ ప్రశ్నకు అతి విషాదకరమైన రూపం 2018 నవంబరులో కనిపించింది. జాన్ ఆలెన్ చౌ అనే 26 ఏళ్ళ అమెరికా యువకుడు మత్స్యకారుల పడవలో రహస్యంగా ఉత్తర సెంటినెల్ ద్వీపం చేరి, అక్కడి ఆదివాసులకు క్రీస్తును గురించి చెప్పబోయి వారి చేతిలో మరణించారు. 1956లో వచ్చిన ఆదివాసీ తెగల రక్షణ నిబంధనల ప్రకారం ఆ ద్వీపానికి వెళ్ళడం నేరం. ఆయనకు సాయపడినవారు అరెస్టయ్యారు, ఆయన దేహాన్ని తీసుకురావడానికి వీలుపడలేదు. ఆయన వాటర్‌ప్రూఫ్ బైబిలును వెంట తీసుకువెళ్ళారు. తొలి ప్రయత్నంలో వచ్చిన బాణం దానికే తగిలిందని ఆయన దినచర్యలో ఉంది.

చౌ ధైర్యాన్ని గాని, విశ్వాసాన్ని గాని పరిహసించడం తేలిక, కాని అది న్యాయం కాదు. ఆయన తన ప్రాణాన్ని పణంగా పెట్టారు. అయితే పణంగా పెట్టినది తన ప్రాణమొక్కటేనా? బయటి లోకపు వ్యాధులను తట్టుకునే శక్తి అలవడని ఆ చిన్న సమాజం ప్రాణాలు కూడా ఆ పడవలోనే ఉన్నాయి. వాటిని పణం పెట్టే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? పైగా ఆ ద్వీపవాసులు అడగలేదనడంతో సరిపోదు, వద్దని స్పష్టంగా చెప్పారు. బాణం కూడా ఒక భాషే. తనను చేర్చుకోని ఊరిని విడిచి, పాదధూళి దులుపుకొని వెళ్ళమని సువార్తలలో శిష్యులకు ఇచ్చిన ఆదేశాన్ని ఇక్కడ తలచుకోవడం అసందర్భం కాదు. నిరాకరణను గౌరవించి వెనుదిరగడం కూడా క్రైస్తవ ధర్మంలో భాగమే. 1991 జనవరిలో ఆ ద్వీపం తీరాన ప్రభుత్వ బృందం చేతి నుండి సెంటినెలీయులు కొబ్బరికాయలు అందుకున్నారు. ఆ బృందంలో మధుమాలా ఛటోపాధ్యాయ అనే మానవశాస్త్రవేత్త ఉన్నారు. అంతటి విజయం తరువాత కూడా, 1990 దశకం మధ్యలో ఆ యాత్రలను ప్రభుత్వం నిలిపివేసింది. చేరగలిగిన చోటికి చేరకుండా ఉండడానికి కూడా వివేకం కావాలి.

భారత రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే హక్కుతోపాటు ప్రచారం చేసే హక్కును కూడా ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచార హక్కులో ఇతరుని మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పింది. ఈ తీర్పుపై న్యాయకోవిదుల మధ్య చర్చ ఉన్నా, చెప్పడం ఒకరి పని, అంగీకరించడం మరొకరి పని అన్న భేదం నైతికంగా కూడా విలువైనదే.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి మౌనమే ఉత్తమమని తోచవచ్చు. కార్ నికోబార్ చరిత్ర ఆ సులభమైన నిర్ణయానికి అడ్డు తగులుతుంది. 19వ శతాబ్దం చివరలో వేదప్పన్ సాలమన్ అనే తమిళ ఉపదేశి ఆ ద్వీపంలోని మూస్ గ్రామంలో నివాసం ఏర్పరచుకొని బడి నడిపారు. ఆయన ప్రభుత్వ ప్రతినిధి కూడా. ఉపదేశి చేతిలో ప్రభుత్వ ముద్ర ఉండడం నిర్మలమైన పరిస్థితి కాదని ఒప్పుకోవాలి. కాని ఆయన చేసిన ఒక పని విశేషమైనది. ద్వీపవాసుల పండుగలు, అంత్యక్రియలు, వైద్యాలు, తగవులు అన్నింటినీ దినచర్యగా వ్రాసుకున్నారు. అందులోని భాగాలు 1902లో లండన్‌లోని మానవశాస్త్ర సంస్థ పత్రికలో అచ్చయ్యాయి. బోధించడానికి వెళ్ళినవాడు ఏళ్ళ తరబడి విద్యార్థిగా ఉండడం ఆ పుటలలో కనిపిస్తుంది.

ఆ కాలపు కార్ నికోబార్‌లో ఒక ఆచారం ఉండేది. ఎవరికైనా దుష్టశక్తి పట్టిందనీ, వారి వల్ల ఊరికి కీడు కలుగుతుందనీ గ్రామం నిశ్చయిస్తే, ఆ వ్యక్తిని చంపివేసేవారు. ఆంగ్లేయ అధికారులు తమ నివేదికలలో దీనిని దయ్యపు హత్య అని పేర్కొన్నారు. పరుల నమ్మకాల జోలికి పోరాదన్న సూత్రం ఇక్కడ ఏమి చెబుతుంది? చావబోయే మనిషి కూడా ఆ సమాజపు సభ్యుడే. ఊరంతా ఒకటైనా, అతని అంగీకారం అందులో లేదు. మనిషిని చంపరాదన్న సత్యం తెలిసి, ఆ ఊరిలోనే కాపురముంటూ, సంస్కృతి పట్ల గౌరవమనే పేరుతో ఊరుకున్నవాడు నిర్దోషి కాజాలడు. దూరతీరాన నిలబడి ఊరుకోవడం వేరు, పొరుగింట ఉండి ఊరుకోవడం వేరు. బోధకుని ఋణం సత్యం తెలియడం వల్ల మాత్రమే కాక, కలిసి బ్రతకడం వల్ల పుడుతుంది. సెంటినెల్‌కూ మూస్‌కూ ఉన్న తేడా ఇదే.

సాలమన్ బడిలో చదువుకున్న పిల్లలలో హా-చెవ్-కా ఒకరు. ఆయనే తరువాత జాన్ రిచర్డ్‌సన్. బర్మాలోని మాండలే మిషన్ పాఠశాలలో చదివి, 1912లో స్వగ్రామానికి ఉపాధ్యాయునిగా తిరిగివచ్చారు. పిల్లలకు అక్షరాలతోపాటు ఫుట్‌బాల్ కూడా నేర్పారు. నేటికీ ఆ ద్వీపంలో ఆ ఆటకు ఉన్న ఆదరణ చూసినవారికి, ఆయన బోధలలో ఏది ముందుగా ఫలించిందో చెప్పడం కష్టమే. ఆయన పనిచేసిన తొలి దశాబ్దాలలో క్రైస్తవుల సంఖ్య స్వల్పం. 1934లో గురుపట్టం పొందేనాటికి కూడా ద్వీపంలో అధికులు పూర్వాచారాలలోనే ఉన్నారు. ఆయన తొందరపడలేదు.

1942 నుండి 1945 వరకు జపాన్ సైన్యం ఆ దీవులను ఆక్రమించింది. చివరి నెలలలో గూఢచారులన్న అనుమానంపై అనేకమంది నికోబారీయులను హింసించి చంపారు. రిచర్డ్‌సన్ తన ప్రజలను వదిలి ఎక్కడికీ పోలేదు, వారితోపాటు ఆ యాతనను అనుభవించారు. యుద్ధానంతరం కొద్ది సంవత్సరాలలోనే కార్ నికోబార్ దాదాపు పూర్తిగా క్రైస్తవమైంది. కారణాలు అనేకం ఉండవచ్చు. సామూహికంగా మతం స్వీకరించినప్పుడు ఒక్కొక్క మనిషి నిర్ణయం ఎంత అన్న సందేహం కూడా న్యాయమైనదే. అయితే తుహేత్ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ చెక్కుచెదరలేదు, పందుల పండుగ రూపం మార్చుకొని నిలిచింది. కొత్త విశ్వాసం పాత ఇంటిని కూల్చి కట్టినది కాదని వీటివల్ల చెప్పవచ్చు.

1950లో ఆయన సహాయ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. 1952లో మొదటి లోక్‌సభకు అండమాన్, నికోబార్ దీవుల ప్రతినిధిగా నామినేట్ అయ్యారు. 1975లో పద్మభూషణ్ లభించింది. ఈ గౌరవాలన్నింటి నడుమ దశాబ్దాల పాటు సాగిన పని ఒకటుంది, బైబిలు అనువాదం. గోధుమ పొలాలు, ద్రాక్షతోటలు, ఎడారులు ఎరుగని ద్వీపం అది. కొబ్బరి, మొగలిజాతి పండు, పంది, పడవ, పెనుగాలి, ఇవే అక్కడి జీవనం. ప్రతి దృష్టాంతానికీ ఒక మాట వెదకాలి. ఆ మాట బోధకుని సంచిలో దొరకదు, ఊరి పెద్దల నోటనే దొరకాలి. అది సరిపోయిందో లేదో తేల్చవలసినది కూడా వారే. నికోబారీ భాషలో నూతన నిబంధన 1950లోనూ, సంపూర్ణ బైబిలు 1969లోనూ వెలువడ్డాయి. సాలమన్ బడిలో అక్షరాలు దిద్దిన బాలుడు 1978 జూన్‌లో మరణించేనాటికి, ఆ గ్రంథాన్ని తమ మాటలలో చదివి, అందులోని మాటలను గురించి తమలో తాము వాదించుకోగల తరం ఒకటి మూస్‌లో పెరిగి పెద్దదైంది.