బంగారం మట్టా, నిప్పా?

తర్కశాస్త్రం బంగారాన్ని నిప్పు కింద లెక్కవేసింది. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో తేజస్సు నాలుగు విధాలన్నాడు: నేలమీది అగ్ని, ఆకాశంలోని మెరుపు, కడుపులోని జఠరాగ్ని, గనిలో పుట్టేది. ఆ నాలుగోదే బంగారం.

దీనికి ఆక్షేపణ ఏమిటో ఆయనే తన దీపికా వ్యాఖ్యలో ఎత్తుకున్నాడు. పచ్చగా, బరువుగా ఉన్నది పసుపుకొమ్ములా పార్థివమే కావాలి కదా? సమాధానం వంటింటి నుంచి వస్తుంది. నెయ్యిని అదేపనిగా కాస్తే దాని ద్రవత్వం నశిస్తుంది. నీళ్ల నడుమ ఉన్న నేతికి ఆ గతి పట్టదు, అక్కడ నీరు అడ్డుపడుతుంది. మూసలో కరిగిన బంగారం ఎంత కాచినా ద్రవంగానే ఉంటుంది కనుక, అందులోని మట్టిభాగాన్ని కాపాడేది మరొకటి ఉండాలి. దాని ద్రవత్వం వేడితో వచ్చింది, సహజం కాదు. కాబట్టి అది నీరు కాదు. రూపం ఉంది, గాలీ కాదు. మిగిలింది తేజస్సు. పచ్చదనం, బరువు మాత్రం కలిసిన మట్టివని సర్దారు, ఎందుకంటే న్యాయమతంలో తేజస్సుకు బరువే లేదు.

వాదం చక్కనిదే, తీర్పు నిలవలేదు. బంగారం 79వ మూలకం. 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, గాలిలోని ఆక్సిజన్‌తో కలవదు కనుక మాడదు. నీటికి 19.3 రెట్లున్న బరువూ, పచ్చదనమూ దాని సొంతం. అయితే మరో పదార్థం కలిసి ఉంటుందన్న ఊహ వృథా పోలేదు: గనిలో దొరికే బంగారంలో దాదాపు ఎప్పుడూ వెండి ఉంటుంది. వెండి పెరిగేకొద్దీ రంగు పాలిపోతుంది, బరువు తగ్గుతుంది.

ఇక మెరిసేదల్లా బంగారం కాదు. మలికిపురం గోదావరి ఒండ్రు మీద ఉన్న ఊరు. అక్కడ ఇసుకలో తళుక్కుమనేది కాకిబంగారం, అంటే అభ్రకం. గోటితో గిల్లితే పొరలుగా ఊడుతుంది. పసిడి ఉన్న రాళ్లు రాయలసీమలో, జొన్నగిరి, రామగిరి వైపు ఉన్నాయి. అక్కడ కూడా కన్ను మోసపోయేది పైరైట్ అనే మెరిసే ఖనిజం దగ్గర. సుత్తితో కొడితే పైరైట్ పొడి అవుతుంది, బంగారం రేకులా సాగుతుంది. మెరుగుపెట్టని పింగాణీ మీద గీస్తే పైరైట్ ఆకుపచ్చ ఛాయ ఉన్న నల్లగీత, బంగారం పసుపుగీత ఇస్తుంది. కత్తిమొన బంగారంలో దిగుతుంది, పైరైట్ మీద జారిపోతుంది. ఇంకా అనుమానముంటే కుంపట్లో పెట్టడమే: పైరైట్ గంధకపు ఘాటుతో పొగలేస్తుంది.