ఒక్కపూట యతిథి

ఇంటికి వచ్చినవానికి నీరీయవలెను, పీట వేయవలెను, ఉన్నదానిలో నింత పెట్టవలెను. ఆతిథేయుని ధర్మము మనలో చిన్నపిల్లలు సయిత మెఱుగుదురు. మఱి వచ్చినవాని ధర్మమెట్టిది? దీనిని మనము తఱచుగా విచారింపము. ఈ కాలపు విహారనౌకలు ఈ ప్రశ్నను మన ముందు నిలుపుచున్నవి.

ఇటలీదేశమందలి జెనోవా రేవును దృష్టాంతముగా గైకొందము. సముద్రమునకును కొండలకును నడుమనున్న యిఱుకు నేలపై వెలసిన పట్టణమది. చోటు చాలక యిండ్లు కొండవాలున ఒకదానిపై నొకటిగా నెక్కినవి. ఒకప్పుడు ఇటలీ బీదలు పొట్ట చేతబట్టుకొని అమెరికాకు ఓడలెక్కిన రేవు లలో నిది ముఖ్యమైనది. నేడు ఉదయమున విహారనౌక వచ్చి నిలుచును. వేలకొలది జనులు దిగుదురు. సాయంకాలమునకు మరల నౌక కదలును. వారి భోజనమును శయనమును నౌకయందే. పట్టణము వారికి నాలుగైదు గంటల నడక మాత్రమే.

ఈ నగర చరిత్రలో నొక వింత కలదు. 1576వ సంవత్సరమున జెనోవా గణరాజ్యపు సెనేటు ప్రభువుల మేడలకు పట్టికలు వ్రాయించెను. పరదేశపు రాజులు, రాయబారులు వచ్చినపుడు తమ యింట విడిది యిచ్చుట ఆ పట్టికలోని గృహస్థులకు విధి. మేడ గొప్పతనమును బట్టి తరగతులును ఏర్పడెను. అట్టి మేడలలో నలువదిరెండు 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినవి. నాడు ఆతిథ్యభారము ధనికుల గడపపై బడెను. నేడో, మేడల వెనుకనున్న చీకటి సందులలోని పేదగడపపై గూడ బడుచున్నది. ఆ పేదవాని సమ్మతి నడిగినవారు లేరు.

యాత్రికులవలన వర్తకులకు బేరము, పట్టణమునకు రాబడి కలుగుట లేదా యని కొందఱందురు. కలుగును, కాదన బనిలేదు. కాని రొక్క మనునది కొన్న వస్తువునకు వెల. దండెముపై నారవేసిన బట్టలను, కిటికీకడ కూర్చున్న ముసలమ్మను అడుగక ఛాయాచిత్రము తీసికొన్నవాడు దేనికి వెల యిచ్చెను? తిథి నియమము లేక వచ్చువాడు అతిథి యని పెద్దలందురు. ఆకలియో, అలసటయో, చీకటియో యట్టివానిని తలుపు తట్టించును. నౌకలో వచ్చువానికి దినమును గడియయు ముందే నిర్ణయమై యున్నవి. ఏ యక్కఱయు లేక కేవలము తన వేడుకకై వచ్చుచున్నాడు. కనుక మర్యాద విషయమున వాని ఋణమే యధికము.

ఆ ఋణము దీర్చు మార్గములు చిన్నవే. పోర్తెల్లో కూడలినుండి కాస్తెల్లెత్తో గుట్టపైకి 1909లో కట్టిన లిఫ్టు కలదు. యాత్రికునకది వినోదము, కూరల సంచితో ఇల్లు చేరవలసిన గృహిణికది నిత్యావసరము. ఆమెను ముందు పోనిచ్చుట ధర్మము. ఇంకను మేలేమన, నడుమ ఇటుకలును ప్రక్కల రాళ్లును పఱచిన పాతదారిని తానే యెక్కుట. సగము దారిలో రొప్పుచు నిలిచినవానికి, ఆ దారినే దినదినము నెక్కుచు దిగుచు బ్రదుకు వారియెడ గౌరవము పుట్టకపోదు.

తీర్పు చెప్పుటలో గూడ సంయమము వలయును. సందు చూచినవాడు మురికియూ రనును. మేడల వీథి చూచినవాడు భాగ్యనగర మనును. ఆ రెంటికిని నడుమ దూరము కొన్ని యడుగులే. ఇద్దఱును చూచినది నిజమే. చెప్పినది మాత్రము నిజము కాదు.

పరుల యింటికి బోయినపుడు పెట్టెలు తెఱచి చూడరాదని, వంటయింటిలోనికి చొరబడరాదని మన బిడ్డలకు నేర్పుచున్నాము. ఊరును ఇల్లే యని గూడ నేర్పుదము. దూరదేశములకు బోవు భాగ్యము కొందఱకే కలుగును. పొరుగూరికి బోవని వారుండరు. అచ్చటనే యీ యభ్యాసము మొదలు కావలెను.