సైరంధ్రి వనంలో

కేరళలోని సైలెంట్ వ్యాలీ చూడాలంటే ముక్కాలిలో మన బండి వదిలేసి, అటవీశాఖ అనుమతించిన జీపులో గైడ్‌తో వెళ్ళాలి. 23 కిలోమీటర్ల తర్వాత దిగే చోటు పేరు సైరంధ్రి. కింద పారే నది కుంతిపుళ. వనవాసంలో పాండవులు ఇక్కడ తిరిగారని స్థానికుల కథ.

తిక్కన విరాటపర్వం చదువుకున్నదాన్ని, ఆ పేరు నన్ను వదల్లేదు. సైరంధ్రిగా వచ్చిన ద్రౌపదికి ఆశ్రయమిచ్చింది సుధేష్ణ. మద్యం తెమ్మని కీచకుడి ఇంటికి పంపిందీ ఆమే. కీచకుడు సభలో తన్నినప్పుడు విరాటరాజు అతన్ని దండించలేదు.

ఈ అడవికీ అలాంటిదే జరగబోయింది. కుంతిపుళ మీద జలవిద్యుత్ ఆనకట్ట తలపెట్టింది అడవిని కాపాడవలసిన ప్రభుత్వమే. శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు, రచయితలు ఏళ్ళ తరబడి ఎదిరించారు. సుగతకుమారి వంటివాళ్ళను ‘చెట్ల కవులు’ అని ఎగతాళి చేశారు. 1983లో ప్రాజెక్టు ఆగింది. 1984లో ఇది జాతీయవనమైంది.

ఇక్కడి సింహపుతోక కోతులు దాదాపు చెట్ల మీదే బతుకుతాయి. వాటికి కొమ్మకు కొమ్మ అందే అడవి కావాలి. గట్టిగా మాట్లాడొద్దు, దారి దాటొద్దు అని గైడ్ చెబుతూనే ఉన్నాడు. ఆంక్షలన్నీ మాకే, కోతులకు ఒక్కటీ లేదు.

నేను చదువుకున్నప్పటి హాస్టల్ గేటుకు సాయంత్రం ఆరింటికే తాళం పడేది. ‘మీ రక్షణ కోసమే’ అనేవారు. బయట ఈలలు వేసేవాళ్ళకు మాత్రం ఏ వేళా అడ్డం కాదు. రక్షణ పేరుతో మనం ఎవరిని కట్టడి చేస్తున్నాం? నాకు ఇదే అసలు ప్రశ్న అనిపిస్తుంది.

అడవి దక్కిందని తృప్తిపడి తిరిగి రావడమూ సాధ్యం కాలేదు. పక్కనే అట్టప్పాడి. ఇరుళ, ముడుగ, కురుంబ ఆదివాసుల ఊళ్ళు. 2013లో అక్కడి పసిబిడ్డల మరణాలు దేశమంతా వార్త అయ్యాయి. తల్లులకే చాలినంత తిండి లేదు. వారి భూములు చాలావరకు ఎప్పుడో చేజారాయి. కోతి బతకాలంటే కొమ్మ తెగకూడదని తెలుసుకున్నాం. ఈ తల్లుల కింద నేల జారిపోతుంటే ఎందుకు ఊరుకున్నాం?

సుగతకుమారి 1985లో నిరాశ్రయ స్త్రీల కోసం, మానసిక రోగుల కోసం ఒక సంస్థ స్థాపించారు. దాని పేరు ‘అభయ’. అడవి కోసం చేసిన పోరాటానికీ దీనికీ నాకు తేడా కనిపించదు. సైరంధ్రి అడిగింది కూడా కాపలా కాదు, భయం లేకుండా తన పని చేసుకుని బతకడం. అడవి విషయంలో అర్థమైనంతగా ఆడవాళ్ళ విషయంలో ఇది మనకింకా అర్థం కాలేదు.