కనబడనిది లేనిదేనా?

మానవుడు నిత్యము చేయు తీర్పులలో మిక్కిలి సులభమైనదియు, మిక్కిలి ప్రమాదకరమైనదియు ఒక్కటే: "నాకు కనబడుటలేదు, కావున లేదు." పసివాడు కన్నులు మూసికొని, లోకమును మాయము చేసితినని సంతసించును. పెద్దవాడు తానా ఆటను ఏనాడో విడిచితినని తలంచును. కాని అతని తీర్పులలో అనేకములు ఆ ఆటకు రూపాంతరములే. ఈ పొరపాటు ఎంత సూక్ష్మముగా మనస్సున ప్రవేశించునో, దాని మూల్యమును ఎవరు చెల్లింపవలసివచ్చునో తెలిసికొనుటకు ఒక సామాన్య దృష్టాంతము చాలును.

బంగాళాఖాతమున అండమాన్ నికోబార్ ద్వీపములు కలవు. 2011 జనాభా లెక్కలలో అచ్చటి జనసంఖ్య సుమారు 3 లక్షల 80 వేలు. అందు తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలు. వీరిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి చేపల వేటకును, కూలిపనులకును తరలిపోయినవారు, వారి సంతతివారు. అచ్చట అనేక ద్వీపములకు రాకపోకలు ఓడలమీదనే సాగవలెను. సముద్రము అల్లకల్లోలమైనచో ఓడ నిలిచిపోవును. ఓడతోపాటు మనిషి పనియు నిలిచిపోవును.

ఒక దృశ్యమును ఊహింతము. అది నవంబరు మాసము. లిటిల్ అండమాన్‌లోని హట్ బే నుండి ఒక వృద్ధురాలు ఓడ నెక్కి, 2024లో శ్రీవిజయపురముగా పేరు మారిన పోర్ట్ బ్లెయిరునకు వచ్చినది. భర్త ప్రభుత్వోద్యోగము చేసి గతించుటచే ఆమెకు కుటుంబ పింఛను వచ్చుచున్నది. అది సాగవలెనన్నచో ఆమె యేటేట తాను బ్రతికియున్నట్లు రుజువు చూపవలెను. 2014 నవంబరులో ఆరంభమైన 'జీవన్ ప్రమాణ్' పద్ధతిలో యంత్రముపై వ్రేలిముద్ర నుంచి ఆ రుజువును పంపవచ్చును. ఆమె కార్యాలయమున కడుగిడు సమయమునకు కంప్యూటరు తెర నల్లబడియున్నది. గుమాస్తా రెండుమారులు మీట నొక్కి చూచి, "అమ్మా, కంప్యూటరు చచ్చిపోయింది. రేపు రా" అనెను. "రేపు ఓడ లేదు, బాబూ!" అని ఆమె అచ్చటనే కూలబడినది.

ఇందలి వైపరీత్యమును గమనింపవలెను. బ్రతికియున్న స్త్రీ ఎదుట నిలిచియున్నను, ఆమె బ్రతికియున్నదనుటకు యంత్రము సాక్ష్య మీయవలెను. ఆ యంత్రమే చచ్చినదని తీర్పు వెలువడినది. రుజువు చేరనిచో పింఛను నిలిచిపోవును. అనగా ఆమె మౌనమును లెక్కల పుస్తకము మరణముతో సమానముగా చూచును. రెండు తీర్పులకును మూలమొక్కటే: కనబడకపోవుటను లేకపోవుటగా గ్రహించుట.

ఇంతలో యంత్రములు బాగుచేయు యువకుడొకడు అచ్చటికి వచ్చినాడనుకొందము. అతడు "చచ్చినది" అను మాటను అంగీకరింపడు, "ఏది పలుకుటలేదు?" అని ప్రశ్నించును. ముందుగా మానిటరు అంచుననున్న చిన్న దీపమును చూచును. అది వెలుగకున్నచో తెరకు విద్యుత్తు అందుటలేదు. ప్లగ్గును, స్విచ్చిని, తీగను పరీక్షింపవలెను. అది మినుకుమినుకుమనుచున్నను, రంగు మారియున్నను, తెరకు ప్రాణము కలదు గాని బొమ్మ వచ్చుటలేదని అనేక మానిటర్లలో అర్థము. పిదప కీబోర్డుపై నమ్ లాక్ మీటను నొక్కును. దాని దీపము వెలుగుచు ఆరుచున్నచో లోపల యంత్రము మెలకువతోనే యున్నదని తెలియును. తరువాత తెరకును పెట్టెకును నడుమనున్న తీగను రెండు కొనలయందును ఊడదీసి చూచును. తెర వేరొక ద్వారమునుండి బొమ్మకై ఎదురుచూచుచున్నదేమోయని పరికించును. వేరొక మానిటరును తగిలించి చూచును. అప్పటికిని తెలియనిచో విద్యుత్తును పూర్తిగా తొలగించి, జ్ఞాపకశక్తి పలకను బయటికి తీసి, దాని అంచులను పెన్సిలు రబ్బరుతో మృదువుగా తుడిచి, మరల అమర్చును. ఒకమారు ఒక్కదానినే మార్చుట అతని నియమము. ఒక్కసారిగా పది మార్పులు చేసినవానికి తెర వెలిగినను, కారణము మాత్రము చీకటిలోనే యుండును.

ఈ పరీక్షలలో ఒకటి మిక్కిలి ఆలోచింపదగినది. నేటి మానిటర్లలో పెక్కింటియందు బొమ్మను కూర్చు పలకకు స్వయముగా వెలుగు లేదు. ద్రవస్ఫటికములు నిండిన ఆ పలక, వెనుకనున్న దీపపు వెలుతురును ఒకచోట పోనిచ్చి, ఒకచోట అడ్డగించి, రూపములను కల్పించుచున్నది. వెనుకటి దీపము ఆరిపోయినచో తెర నల్లబడును. కాని బొమ్మ తెరపై అట్లే యుండును. గదిని చీకటిచేసి, టార్చిలైటును తెరపై ఏటవాలుగా ప్రసరింపజేసినచో అక్షరములు మసకగా గోచరించును. బొమ్మ ఎక్కడికిని పోలేదు. దానిని తెలియజేయు వెలుగు మాత్రమే లోపించినది.

మన దేశపు తత్త్వవేత్తలు ఈ విషయమును పూర్వమే విమర్శించిరి. ఈశ్వరకృష్ణుడు తన సాంఖ్యకారికయందు, ఉన్న వస్తువే కనబడకుండుటకు ఎనిమిది కారణములను లెక్కించెను. అవి అతిదూరము, అతిసామీప్యము, ఇంద్రియలోపము, మనస్సు నిలుకడగా లేకుండుట, వస్తువు యొక్క సూక్ష్మత, నడుమ అడ్డు, బలవత్తరమైనదానిచే కప్పబడుట, సమానమైనదానితో కలసిపోవుట. నల్లని తెర ముందు కూర్చున్నవానికి ఈ పట్టిక నేటికిని ఉపయోగపడును. తీగ తెగుట నడుమ వచ్చిన అడ్డు. కిటికీనుండి పడు ఎండలో మందమైన తెర కనబడకుండుట బలవత్తరమైనదానిచే కప్పబడుట. నిద్రించు తెర చచ్చిన తెరవలె కనబడుట సమానమైనదానితో కలసిపోవుట. ఇక గుమాస్తా ప్లగ్గువంక చూడనే చూడకుండుట మనస్సు నిలుకడగా లేకుండుటయే.

అట్లయిన దేనినిగూర్చియు "లేదు" అని ఎన్నడును పలుకరాదా? ఇది న్యాయమైన ఆక్షేపణ. భాట్ట మీమాంసకులును, అద్వైత వేదాంతులును దీనికి సమాధానము చెప్పిరి. అభావమును తెలియజేయు ప్రమాణమునకు వారు అనుపలబ్ధి యని పేరిడిరి. నైయాయికులు దీనిని వేరు ప్రమాణముగా అంగీకరింపలేదు. అభావము ప్రత్యక్షముచేతనే తెలియునని వారి మతము. ఆ వివాద మట్లుండనిండు. అనుపలబ్ధిని అంగీకరించినవారు దానికొక కఠిన నియమము విధించిరి: ఆ అనుపలబ్ధి యోగ్యమై యుండవలెను. వస్తువు ఉన్నయెడల తప్పక కనబడవలసిన పరిస్థితులన్నియు సమకూడియుండి, అప్పటికిని కనబడనిచో మాత్రమే "లేదు" అనుటకు అధికారము కలుగును. వెలుతురుగల గదిలో, మంచి చూపుగలవాడు శ్రద్ధతో వెదకినను కుండ కనబడనిచో, అచ్చట కుండ లేదు. చీకటి గదిలో కుండ కనబడనిచో ఏమియు తేలలేదు. చీకటిని సాక్షిగా నిలిపి లేమిని స్థాపించుట ప్రమాణము కాదు, ప్రమాదము.

ఈ నియమము తర్కశాలకు మాత్రమే చెందినది కాదు. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము సుమత్రా సమీపమున సముద్రగర్భమున సంభవించిన మహాభూకంపమువలన లేచిన సునామీ అలలు ఈ ద్వీపములను ముంచెత్తెను. కార్ నికోబార్‌నందలి వైమానికదళ స్థావరము తీవ్రముగా దెబ్బతినెను. గ్రేట్ నికోబార్ దక్షిణాగ్రమైన ఇందిరా పాయింటువద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగిపోయి, అచ్చటి దీపస్తంభపు అడుగుభాగము నీటిలో మునిగెను. దక్షిణ ద్వీపములలో పెక్కింటితో వార్తా సంబంధములు తెగిపోయెను. అట్టివేళ ఒక తావునుండి దుర్వార్త రాలేదని "అచ్చట కీడు జరుగలేదు" అని నిశ్చయించువాడు ఘోరమైన పొరపాటు చేయును. వార్త తెచ్చు దారియే కొట్టుకొనిపోయినపుడు మౌనము క్షేమమునకు గుర్తు కాదు. ఎక్కువ దెబ్బతిన్న చోటే ఎక్కువ మౌనముగా నుండవచ్చును. అట్లే, కబురు రాలేదని ఆప్తుడు మరణించెనని నిశ్చయించుటయు తొందరపాటే. ఒకే మౌనము ఒకనికి నిర్లక్ష్యమును, మరొకనికి నిరాశను కలిగించును. దానికి నిజముగా ఏ అర్థము కలదో తెలిసికొనుటకు, వార్త వచ్చుటకు దారి యున్నదా యని ముందుగా అడుగవలెను. 2020 ఆగస్టులో చెన్నపట్టణమునుండి ఈ ద్వీపములకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున సముద్రాంతర తంతి ప్రారంభింపబడెను. దారి బలపడినకొలది మౌనమునకును అర్థము స్పష్టమగును.

ధర్మశాసనమును వ్రాయువారు సైతము ఈ సూక్ష్మమును విడువలేదు. 1872 నాటి భారత సాక్ష్య చట్టము 108వ సెక్షనులో ఒక విధి కలదు. ఏడు సంవత్సరములుగా ఒకని వార్త లేనిచో, అతడు జీవించియున్నాడని వాదించువానిపైననే రుజువు భారము పడును. అయితే ఆ వార్త ఎవరికి తెలియకుండవలెను? దారిన పోవువానికి కాదు. అతడు జీవించియున్నయెడల సహజముగా ఎవరికి తెలిసియుండెడిదో, వారికే తెలియకుండవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త సాక్ష్య చట్టమునందును ఈ విధి నిలిచియున్నది. తెలిసికొనుటకు యోగ్యుడైనవాని తెలియమికే విలువ కలదు. అయోగ్యుని తెలియమికి విలువ లేదు.

ఇచ్చట రెండవ అపాయమును కూడ చెప్పవలెను. తొందరపడి "లేదు" అనుట ఒక దోషము. యోగ్యమైన పరీక్షలన్నియు ముగిసిన పిదపకూడ "ఉన్నదేమో" యని ఊగిసలాడుట మరియొక దోషము. వేరొక తీగ, వేరొక పెట్టె, టార్చిలైటు, అన్నియు విఫలమైనచో ఆ తెర పాడైనదని నిజాయితీగా పలుకవలెను. ఆశ సత్యమునకు బదులు నిలువజాలదు. సత్యశోధకుడు నిరాశకును లొంగడు, ఆశకును అమ్ముడుపోడు. పరీక్ష ఎంతవరకు నడచినదో అంతవరకే పలుకును.

యంత్రముల విషయమున ఈ ఓర్పును అలవరచుకొన్నవాడు మనుష్యుల విషయమున దానిని మరచుట విచారకరము. శ్రీకాకుళపు తీరమునుండి తల్లిదండ్రులతో పోర్ట్ బ్లెయిరు చేరిన తెలుగు బాలుడొకడు హిందీ వినబడు తరగతిలో నోరు విప్పక కూర్చుండునని తలంపుడు. "వీనికి తెలివి లేదు" అనుట ఎంత సులభము! కాని వాని బుద్ధి లోపల మెలకువతో నడచుచునే యున్నది. నడుమనున్న తీగ, అనగా భాష, ఇంకను తగులుకొనలేదు. వాని భాషలో ఒక్క ప్రశ్న యడిగినచో చిన్న దీపము వెలుగును. పక్షవాతముచే మాట పడిపోయిన వృద్ధుడును, దుఃఖభారముచే పలుకాడని స్త్రీయు, కోపముచే మొగము చాటువేసిన సోదరుడును ఇట్టివారే. వారియెదుట మనము వెలువరించు తీర్పు వారి లోపమును గాక, మన పరీక్షయొక్క కొరతను వెల్లడించుచుండును.

ఇక మానవుడు తనను తాను పరీక్షించుకొను వేళకూడ ఇదే ప్రశ్న ఎదురగును. గాఢనిద్రలో లోకమంతయు నల్లని తెరయై పోవును. ఏ రూపమును, ఏ తలంపును కనబడదు. అయినను మేల్కొన్నవాడు "సుఖముగా నిద్రించితిని, ఏమియు తెలియలేదు" అనును. ఏమియు తెలియలేదన్న సంగతి ఎవనికి తెలిసినది? వేదాంతులు ఈ అనుభవమును ఆధారముగా గొని, రూపములు లేకపోవుట చైతన్యము లేకపోవుట కాదని వాదించిరి. ఈ వాదమును అంగీకరింపనివారును కలరు. దానిని ఎవరికి వారు విమర్శించుకొనవలసినదే. అయితే మనస్సు చీకటిపడిన దినమున "నాలో ఏ వెలుగును లేదు" అని తన్ను తాను శిక్షించుకొనబోవువానికి ఇంతమాత్రము సందేహింపదగియున్నది: ఆరినది దీపమా, లేక నడుమ తీగయా?

మరల ఆ కార్యాలయమునకు పోవుదము. యువకుడు తీగను ఊడదీసి చూచెను. ఉప్పుగాలికిని, తేమకును దాని ముళ్లపై పచ్చని చిలుము పట్టియున్నది. తుడిచి మరల బిగించెను. తెర వెలిగినది. వృద్ధురాలు వ్రేలిముద్ర నుంచి సాయంకాలపు ఓడకై రేవునకు నడచెను. కంప్యూటరు ఆ ఉదయమంతయు బ్రతికియే యున్నది; ఆమెయును అంతే. వారి నడుమ నిలిచినది గోరంత చిలుము, దానికి తోడు ఒక తొందరపాటు మాట. చిలుమును గుడ్డతో తుడువవచ్చును. మాటను తుడుచుటకు మాత్రము, "లేదు" అని పలుకుటకు ముందు "నేను చూడవలసినట్లు చూచితినా?" అని ప్రతివాడును తన్ను తాను అడుగుకొనవలసియుండును.