అప్పగించిన ప్రాణము

జైన గృహస్థుడు అహింసావ్రతమును పాటించుటకు ఏమేమి మానవలెను? మన ఇండ్లలో చిన్నపిల్లలు కూడ దీనికి జవాబు చెప్తారు. మాంసము ముట్టము, నీరు వడగట్టి త్రాగుతాము, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట భుజింపము. ఇవి మంచి ఆచారములే. అయితే తత్త్వార్థసూత్రములో ఉమాస్వాతి ఈ వ్రతమునకు మచ్చ తెచ్చే అతిచారములను ఐదింటిని చెప్పినాడు. బంధము, వధము, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. అనగా కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు మోపుట, తిండినీళ్లు ఆపుట. పెద్దలు వీటిని సాధారణముగా ఎద్దులకు, గుర్రములకు అన్వయించి చెప్తారు. నాకు మాత్రము ఈ ఐదు మాటలు చదివినప్పుడెల్లా పోలీసు లాకప్పు గుర్తుకు వస్తుంది.

సత్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో రెండు మన వర్తకులకు బాగా తెలిసినవి. ఒకటి కూటలేఖక్రియ, అంటే దొంగ కాగితము వ్రాయుట. రెండవది న్యాసాపహారము, నమ్మి దాచమని ఇచ్చిన సొమ్మును దిగమ్రింగుట. సొమ్ము దాచుకొన్నవాడు వచ్చి అడిగితే "నీ సొమ్ము నా మీదికి తిరగబడింది, అందుచేత ఖర్చు వ్రాసినాను" అని ఏ షావుకారైనా అనగలడా? బజారులో అతని పరపతి ఆ సాయంత్రమునకే పోతుంది. ప్రభుత్వము సంకెళ్లు వేసి తీసుకొనిపోయిన మనిషి కూడ న్యాసమే అని నా అభిప్రాయము. అతడు దొంగ కావచ్చు, నక్సలైటు కావచ్చు, హంతకుడే కావచ్చు. అది తేల్చవలసినది కోర్టు. తీసుకొన్నవాని బాధ్యత అతనిని ప్రాణములతో కోర్టుకు అప్పగించుట.

మన తెలుగుదేశములో ఈ న్యాసము దారిలో మాయమైన సందర్భములు చాల ఉన్నవి. 1975 జూలైలో, ఎమర్జెన్సీ రోజులలో, మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పులలో చనిపోయినారని పోలీసులు ప్రకటించినారు. వారిలో వరంగల్లు ఇంజనీరింగు కళాశాల విద్యార్థులున్నారు. 1977లో జస్టిస్ తార్కుండే ఆధ్వర్యమున ఒక సంఘము విచారించి, వారిని ముందుగానే పట్టుకొని, చెట్లకు కట్టి కాల్చినారని తేల్చింది. ఉమాస్వాతి చెప్పిన బంధము, కూటలేఖ, న్యాసాపహారము మూడును ఈ ఒక్క సంఘటనలోనే ఉన్నవి.

ఇటువంటి మరణములకు లెక్క అడుగుటకు 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము పూనుకొన్నది. లెక్క అడిగినవారికి ఏమి జరిగింది? డాక్టరు రామనాథంగారు వరంగల్లులో పిల్లల వైద్యుడు, ఆ సంఘమునకు ఉపాధ్యక్షుడు. 1985 సెప్టెంబరు 3న, నక్సలైట్లు చంపిన ఒక సబ్‌ఇన్‌స్పెక్టరు శవయాత్ర సాగిన రోజున, ఆయనను తన వైద్యశాలలోనే కాల్చి చంపినారు. చంపినవారు పోలీసులేనని సంఘము ఆనాటినుండి చెప్తున్నది. తరువాత 1986లో జాపా లక్ష్మారెడ్డి, 1991లో నర్రా ప్రభాకరరెడ్డి, 2000లో పురుషోత్తం, 2001లో ఆజం అలీ. అందరును ఆ సంఘమువారే.

ఇక్కడ మన వర్తకులు అడ్డు ప్రశ్న వేస్తారు. నక్సలైట్లు చంపినవారి సంగతి ఏమిటి? ఆ సబ్‌ఇన్‌స్పెక్టరు ప్రాణము ప్రాణము కాదా? 1990 అక్టోబరులో చర్లపల్లివద్ద రైలుపెట్టెకు నిప్పుపెట్టగా నలభైమందికి పైగా కాలిపోలేదా? న్యాయమైన ప్రశ్న. ఈ ప్రశ్ననే ఆ ఉద్యమములోనివాడే అయిన బాలగోపాల్ కూడ వేసినాడు. ఆయన 1952లో మన బళ్లారిలో పుట్టినాడు, కాకతీయ విశ్వవిద్యాలయములో గణితము చెప్పినాడు. ప్రభుత్వ హింసను ప్రశ్నించినట్లే నక్సలైట్ల హింసను కూడ ప్రశ్నించవలెనని వాదించి, పాత సంఘమును విడిచి, 1998లో మానవహక్కుల వేదికను స్థాపించుటలో ముందు నిలిచినాడు. 1987లో గుర్తేడువద్ద నక్సలైట్ల చేతిలో బందీ అయిన ఐ.ఏ.ఎస్. అధికారి శంకరన్‌గారు పదేండ్ల తరువాత పౌరస్పందన వేదిక పెట్టి ఉభయపక్షములను చంపుడు మానుమని అడిగినారు. మనము అనేకాంతము అని సభలలో ఉపన్యసించుదానిని వీరు ప్రాణములకు తెగించి చేసినారు. అనేకాంతమంటే హంతకుని పక్షము కూడ ఒప్పేనని కాదు. ఏ పక్షమువాడు చచ్చినను మరణము మరణమేనని ఒప్పుకొనుట.

ఇది తెలంగాణము గొడవ, బెంగళూరులో మనకేమి అందామా? 2017 సెప్టెంబరు 5న రాజరాజేశ్వరినగరులో గౌరీ లంకేశ్‌ను ఆమె ఇంటి వాకిటనే కాల్చి చంపినారు. అడవిలోని సాయుధులను మామూలు జీవితమునకు తెచ్చుటకు ఈమె కూడ పనిచేసింది. ఆ రోజు అనంతచతుర్దశి, దశలక్షణపర్వమునకు చివరి దినము. మనము సకలజీవులను క్షమాపణ అడుగుటకు సిద్ధపడుచున్న సాయంత్రము. కొందరు గల్లాపెట్టె దగ్గర కూర్చొని "అంత నోరు ఎందుకు? తగిన శాస్తి" అన్నారు. మన శాస్త్రము హింసను కృతము, కారితము, అనుమోదితము అని మూడుగా చెప్పింది. చేసినవానిది మొదటిది, చేయించినవానిది రెండవది. మూడవదానికి కత్తి అక్కరలేదు, గల్లాపెట్టె ముందు కూర్చుంటే చాలు.

వర్తకుడు పోలీసులతో తగవు పెట్టుకొని బ్రతకలేడంటారు. తగవు పెట్టుకొమ్మని ఎవరు అడిగినారు? 1986లో కలకత్తానుండి డి.కె. బసు అనే ఆయన లాకప్పు మరణములను గూర్చి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరము వ్రాసినాడు. ఆ ఉత్తరమునే పిటిషనుగా స్వీకరించి, 1996 డిసెంబరులో కోర్టు అరెస్టులకు నియమములు విధించింది. అరెస్టు చేసిన తేదీ, వేళ కాగితముమీద వ్రాయవలెను. దానిమీద ఇంటివారు గాని, ఆ పేటలోని గౌరవనీయుడొకడు గాని సాక్షి సంతకము చేయవలెను. ఈ సాక్షి సంతకపు నియమము 2024 జూలైనుండి అమలైన కొత్త చట్టములో కూడ ఉన్నది.

ఆ పేటలోని గౌరవనీయుడు ఎవరు? సాధారణముగా ఎదుటి దుకాణము షావుకారే. జీపు వచ్చి ఆగగానే షట్టరు దింపుకొనేవాడు అతడే. లారీనుండి సరుకు దిగితే బేళ్లు లెక్కపెట్టి, తడిసినదా చిరిగినదా అని తట్టిచూచి, వేళ వేసి, ఆ తరువాతనే రసీదుమీద సంతకము పెడతాము. ఆ కాగితము మన ముందుకు వచ్చిననాడు మనిషి ఒంటిమీద దెబ్బలున్నవా, వ్రాసిన వేళ సరియైనదేనా అని అదే కన్నుతో చూచి సంతకము పెట్టుటకు ఎంతసేపు పడుతుంది?