పెంట ద్వారము బాగుచేసిన అధిపతి

(ధ్యానభాగము: నెహెమ్యా 3:1–14, యోహాను 6:12)



నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము మనలో అనేకులు త్వరగా తిప్పివేయు పుట. ఎవరు ఏ గోడ కట్టిరో, ఎవరు ఏ గుమ్మము నిలిపిరో ఆ పేర్ల పట్టికయే అందులో కనబడును. అయితే పదునాలుగవ వచనమునొద్ద కొంచెము ఆగుడి. యెరూషలేములో పెంట ద్వారమను ద్వారమొకటి యుండెను. పట్టణపు చెత్త బయటికి పోవు దారి అది. దానిని బాగుచేసినవాడు కూలివాడు కాడు. బేత్‌హక్కెరెము ప్రదేశమునకు అధిపతియైన మల్కీయా. ఆయనే దానికి తలుపులు నిలిపి, తాళములు గడియలు అమర్చెను. ఇదే అధ్యాయము ఐదవ వచనములో తెకోవ ఊరి గొప్పవారు పనికి మెడ వంచలేదని వ్రాయబడియున్నది. గోడ ఒక్కటే, కాలము ఒక్కటే; ఒక అధిపతి పెంట ద్వారమునొద్ద నిలిచెను, తెకోవ గొప్పవారు దూరముగా నిలిచిరి.

ఈ వాక్యము నన్ను గద్దించిన విధము మీకు చెప్పుకొనవలెను.

రాజమహేంద్రవరములో మా తమ్ముని ఇంట కృతజ్ఞతా కూటము జరిగెను. భోజనములైన తరువాత నేనే పూనుకొని విస్తరాకులు, మిగిలిన అన్నము, ఎముకలు, ప్లాస్టిక్ గ్లాసులు అన్నియు ఒక్క గోనెసంచిలో వేసితిని. పగిలిన గాజుగ్లాసు ఒకటి చేతికి దొరికినది. దానిని కూడ అందులోనే పడవేసితిని. ఇంటిలో ఆకుపచ్చ డబ్బా లేకపోలేదు. అది వంటగదిలో బియ్యపు డబ్బాగా ఉన్నది! మరునాటి ఉదయము ఈల వినబడగా సంచి తీసికొనిపోయి ఇచ్చితిని. బండితో వచ్చిన తల్లి తడి చెత్త వేరు చేయుటకు అందులో చెయ్యి పెట్టెను. వెంటనే నెత్తురు కారినది. నేను కంగారుపడగా ఆమె కొంగుతో చెయ్యి అదుముకొని, “ఏం పరవాలేదండి అయ్యగారూ, మాకు అలవాటేనండి” అనెను.

ఆ ఆదివారము అక్కడి సంఘకాపరిగారు ప్రభురాత్రి భోజనములో సాయపడుమని నన్ను పిలిచిరి. రొట్టె పంచుచు వరుస చివరికి వచ్చితిని. గుడ్డ చుట్టిన చెయ్యి ఒకటి నా యెదుట చాచబడియుండెను. ఆ చేతిని నేనెరుగుదును. ప్రభువు శరీరమును ఏ చేతితో ఇచ్చితినో, ఆ చేతితోనే ఆమెకు గాజుముక్క ఇచ్చియుంటిని.

ప్రియులారా, మన తాతల కాలమున మనకీ బుద్ధి లేకపోలేదు. మన లంకలలోను పల్లెలలోను ప్రతి ఇంట కుడితి గోలెముండెడిది. బియ్యము కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు అందులోకి పోయెడివి. బూడిద అంట్లు తోముటకు, పేడయు కసవును పెంటపోగునకు. తొలకరికి ముందు ఆ పెంట బండ్లకెత్తి చేలకు తోలెడివారు. కుడితిలో పెంకుముక్క పడనిచ్చిన కోడలిని అత్తగారు ఊరకుండనిచ్చెడిది కాదు. ఏలయనగా గేదె గొంతు తెగును. గేదె గొంతు తెగునని భయపడినవారము, మనిషి చెయ్యి తెగునని ఏల భయపడము?

పట్టణమునకు పోగానే గోలెము పోయినది, గేదె పోయినది, అంతయు ఒక్క సంచిలోనికి వచ్చినది. ప్రభుత్వములు మేలుకొనకపోలేదు. 2016లో కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధనలు ప్రతి గృహస్థుడు తడి చెత్త, పొడి చెత్త, హానికరమైన చెత్త వేరుచేసి ఇయ్యవలెనని విధించినవి. 2021 అక్టోబరు 2న మన రాష్ట్రములో క్లీన్ ఆంధ్రప్రదేశ్ అను కార్యక్రమము మొదలుపెట్టి, పట్టణములలో ఇంటింటికి మూడు డబ్బాలు పంచబూనిరి: తడికి ఆకుపచ్చ, పొడికి నీలము, హానికరమైనదానికి ఎరుపు. అంతకు చాల ముందే, 2003 ప్రాంతమున, సూర్యాపేట పురపాలక సంఘమువారు ఇంటింట తడి పొడి వేరుగా తీసికొని, తడిదానిని ఎరువుగా మార్చి, పొడిదానిని అమ్మి చూపించిరి. కనుక ఇది కానిపని కాదు.

మన ఇంటి చెత్తలో సుమారు సగము తడి చెత్తయే. దానికి గాలి, తగినంత తేమ ఇచ్చి, అప్పుడప్పుడు తిరుగవేయుచుండిన యెడల అది వేడెక్కి, కుళ్లి, రెండు మూడు మాసములలో మంటివాసన వచ్చు నల్లని ఎరువగును. గాలి తగులని గుట్టలో పూడ్చినయెడల దుర్వాసనయు, నిప్పంటుకొను వాయువును పుట్టును. గాజుముక్కయు ప్లాస్టిక్ కవరును కలిసిన ఎరువును ఏ రైతు తన చేనిలో చల్లును? నగరమునకు ఆనుకొని కడియము, కడియపులంకలలో నర్సరీల మొక్కలు దేశమంతట పోవుచున్నవి. ప్రతి మొక్కకు ఎరువు కావలెను. కలిపినయెడల కంపు, వేరుచేసినయెడల ఎరువు.

బేత్‌హక్కెరెము అను పేరునకు ద్రాక్షతోట ఇల్లు అని అర్థము. మల్కీయా పెంటను తన తోటకు తోలెనని లేఖనము చెప్పలేదు, నేనును చెప్పను. అయినను ద్రాక్షతోటల ఊరివాడు పెంట విలువ ఎరుగకుండునా? మన ప్రభువు ఐదువేలమందిని తృప్తిపరచిన దినమున మిగిలిన ముక్కలను ఏదియు పాడుకాకుండ కూర్చుమని శిష్యులకు చెప్పెను. రొట్టెలను విస్తరింపజేయగలవాడు ముక్కలను విడిచిపెట్టలేదు. పండ్రెండు గంపలు ఎత్తినవారు అపొస్తలులే!

“మేము పన్ను కట్టుచున్నాము, వారికి జీతమున్నది గదా” అని కొందరందురు. జీతము చెత్త మోయుటకే గాని నెత్తురు కార్చుటకు కాదు. “మేము వేరుచేసి ఇచ్చినను బండిలో కలిపివేయుదురు” అని మరికొందరందురు. కొన్నిచోట్ల అది నిజమే. అట్లు జరిగినయెడల కార్పొరేషనువారిని మర్యాదగా అడుగుడి, విడువక అడుగుడి. అయితే బండికంటె ముందుగా ఆ చెయ్యి మన గుమ్మమునొద్దనే ఉన్నది.

కనుక ఈ మాసము ఇట్లు చేయుదము. తడి చెత్తను నీరు ఓడ్చి, కవరు లేకుండ ఆకుపచ్చ డబ్బాలో వేయుదము. గాజుముక్కలు, బ్లేళ్లు, సూదులు మందపు కాగితములో చుట్టి, వేరుగా ఉంచి, నోటితో చెప్పి ఇయ్యుదము. పెరడున్నవారు గుంట తీసి ఎరువు చేసికొందురు గాక. మన గుడిలో ప్రేమవిందు జరుగునప్పుడు సంఘపెద్దలే ముందుగా విస్తరాకుల డబ్బాయొద్ద నిలువవలెను. ఆ బండి తోలువారి పేరు తెలిసికొని, పేరుతో పిలువుడి. వారిలో అనేకులు మన సంఘముల బిడ్డలే. కాకపోయినను దేవుని స్వరూపమందు చేయబడినవారే.

మా తమ్ముని ఇంట బియ్యము ఇప్పుడు వేరొక డబ్బాలో ఉన్నది. ఆ తల్లిని క్షమాపణ అడిగితిని. “మీరడిగారు, అదే చాలండి” అనెను. చాలదని నా మనస్సాక్షి చెప్పుచున్నది. అందుచేతనే ఇది వ్రాయుచున్నాను.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము పారవేసినదానిని మోయు చేతులను కాపాడుము. మా గుమ్మమునొద్ద మేము చేసిన నిర్లక్ష్యమును క్షమించుము. పెంట ద్వారమునొద్ద నిలుచుటకు సిగ్గుపడని మనస్సు మాకిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.